ఫ్యూజు పీకితే ఇల్లు ఖాళీ కాదు

అగ్రిమెంటు గడువు తీరింది. కిరాయికున్నవాళ్లు కదలడం లేదు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తినా "వచ్చే నెల చూద్దాం సార్" అంటారు. ఇలాంటప్పుడు హైదరాబాదులో ఇంటి ఓనరుకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. పొద్దున వాకింగ్‌లో కలిసే స్నేహితులు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో పక్కన కూర్చునేవాళ్లు, ఇల్లు చూపించిన బ్రోకరు, అందరిదీ ఒకటే పాట: "కోర్టుకు పోతే ఇరవై ఏళ్లు. ఫ్యూజు పీకెయ్యి, నీళ్ల మోటారు ఆపెయ్యి, వారంలో వాళ్లే పోతారు. పోకుంటే ఊరెళ్లినప్పుడు తాళం మార్చు. నోటీసు గీటీసు ఇచ్చావంటే వాడికి టైమిచ్చినట్టే."

ఈ సలహా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తప్పు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఓనర్ల తరఫునవే. కాబట్టి కిరాయిదారు పక్షాన నిలబడి ఈ మాట అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. కరెంటు, నీళ్లు ఆపి పిల్లలున్న కుటుంబాన్ని వెళ్లగొట్టడం అమానుషం, ఆ మాట ముందే చెప్పాలి. దానితో పాటు ఈ సలహా ఓనరు ప్రయోజనానికే గొడ్డలిపెట్టు. గెలిచే కేసు చేతిలో ఉన్న మనిషిని తీసుకెళ్లి ఓడిపోయే చోట నిలబెడుతుంది.

ఎలాగో చూడండి. కిరాయికి వచ్చి స్థిరపడిన మనిషిని, అతని గడువు తీరిపోయినా సరే, చట్టప్రకారం తప్ప బలవంతంగా బయటికి పంపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు ఎన్నో తీర్పుల్లో చెప్పింది. 1989లో కృష్ణారామ్ మహాలే కేసు, 2003 చివర్లో రామేగౌడ కేసు న్యాయవాదులందరికీ తెలిసినవే. అంతకన్నా పదునైనది 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 6వ సెక్షన్. తన సమ్మతి లేకుండా, చట్టప్రకారం కాకుండా ఇంట్లోంచి గెంటివేతకు గురైన మనిషి ఆరు నెలల్లోపు కోర్టుకు వెళితే చాలు, తిరిగి లోపల పెట్టమని అడగొచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు. రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటి పన్ను రశీదులు, తాతగారి వీలునామా ఏవీ అక్కడ పనికిరావు. ఎవరు లోపల ఉన్నారు, ఎవరు బలవంతంగా బయటికి నెట్టారు అన్నదొక్కటే కోర్టు చూస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు, రివ్యూ లేదు. తాళం మార్చిన ఓనరు మళ్లీ తన చేత్తోనే తాళం తీసి ఇవ్వాలి. ఆ తర్వాత హక్కు మీద వేరే కేసు వేసుకోవచ్చు, కానీ అప్పటికి ఎంత కాలం, ఎంత డబ్బు పోయిందో లెక్క వేసుకోండి.

ఫ్యూజు పీకినా అదే దారి. మర్నాడే కిరాయిదారు ఇంజంక్షన్ కేసు వేస్తాడు, మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకుంటాడు. నిన్నటిదాకా కోర్టు వంక చూడటానికి భయపడిన మనిషికి మనమే చేయి పట్టుకుని దారి చూపించినట్టయింది. కిరాయి నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లలో ఓనరు సరైన కారణం లేకుండా కిరాయిదారుకున్న సౌకర్యాలు ఆపడాన్ని ఆ చట్టం 14వ సెక్షనే నిషేధించింది. ఆ చట్టం వర్తించని ఇళ్లలోనూ ఓనర్లకు చేయి ఆడదు. కరెంటు కనీస అవసరమనీ, ఓనరు అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించకూడదనీ 2022లో దిలీప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇక నలుగురు కుర్రాళ్లను పంపి ఖాళీ చేయించమని కొందరిచ్చే సలహా గురించి ఎక్కువ చెప్పను. గడప దాటి లోపలికి వెళ్లి ఒకరి మీద చేయి వేసిన క్షణం అది సివిల్ తగాదాగా ఉండదు. ఆ కుర్రాళ్ల వెనక ఓనరు పేరు కూడా ఎఫ్ఐఆర్‌లో ఎక్కుతుంది. ఆ తర్వాత రాజీ ధర చెప్పేది కిరాయిదారే.

"కోర్టుకు పోతే ఇరవై ఏళ్లు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే మిగతా పొరపాట్లు కూడా అర్థమవుతాయి. కోర్టుల్లో ఆలస్యం లేదని నేను అనను. ఉంది. కానీ ఈ కథలు ఎక్కువగా అబిడ్స్, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ పాత మడిగెల నుంచి వచ్చినవి. అక్కడ 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం నడిచింది. ఆ చట్టం కింద ఓనరు ఊరికే ఖాళీ చేయమంటే కుదరదు. బుద్ధిపూర్వకంగా కిరాయి ఎగ్గొట్టాడనో, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇచ్చాడనో, ఇల్లు తన సొంత అవసరానికి నిజంగా కావాలనో రుజువు చేయాలి. రెంట్ కంట్రోలర్, అప్పీలు, ఆపైన హైకోర్టు రివిజన్. తాత మొదలుపెట్టిన కేసులో మనవడు సాక్ష్యం చెప్పిన ఉదంతాలు ఆ మడిగెలవే.

ఈనాటి ఫ్లాట్ల సంగతి వేరు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన కట్టడాలన్నిటికీ ఆ చట్టం మొదట్లో మినహాయింపు ఇచ్చింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం కిరాయి మొత్తాన్ని బట్టి మినహాయింపు ఇచ్చే పద్ధతికి వచ్చింది. 2005లో చేసిన సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు 1960 చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్లు దాటని భవనాలకు కూడా వర్తించదు. మియాపూర్‌లోనో, ఉప్పల్‌లోనో 3,500కు రెండు గదుల ఇల్లు ఎవరికి దొరుకుతోంది? అంటే ఇవాళ హైదరాబాదులో కిరాయికిచ్చే ఇళ్లలో అత్యధికం ఆ పాత చట్టం బయటే ఉన్నాయి. (తెలంగాణ గురించే రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ వేరే కిరాయి చట్టం చేసుకుంది, అక్కడి పాఠకులు అక్కడి న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి.)

బయట ఉండటం వల్ల ఓనరుకు వచ్చిన లాభం చిన్నది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద నివాస గృహం నెలవారీ కిరాయికి ఉంటే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి కిరాయిదారీని ముగించవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. కిరాయి బాకీ ఉన్నాడా, గోడ పాడు చేశాడా, కూతురు పెళ్లికి ఇల్లు కావాలా అన్నవేవీ నిరూపించక్కర్లేదు. ఒకప్పుడు నోటీసులో రోజులు ఒకటి అటూ ఇటూ అయితే కేసు పోయేది, నెల చివరి రోజుతో ముగియలేదని పోయేది. 2002 చివర 106వ సెక్షన్‌కు వచ్చిన సవరణ ఆ ముళ్లను చాలావరకు ఏరేసింది. నోటీసులో రాసిన గడువు తక్కువైనా, కేసు వేసే నాటికి పదిహేను రోజులు దాటి ఉంటే నోటీసు చెల్లుతుంది. అలాంటప్పుడు "నోటీసు ఇస్తే టైమిచ్చినట్టే" అనడంలో అర్థం లేదు. కిరాయిదారుకు ఇచ్చేది పదిహేను రోజులు. నోటీసు ఇవ్వకుండా నెలల తరబడి బతిమాలుతూ, తిడుతూ గడిపితే అతనికి ఇచ్చేది ఆ నెలలన్నీ.

ఇంకో భయం కోర్టు ఫీజు. "కోటి రూపాయల ఫ్లాట్ మీద కేసంటే ఫీజే లక్షలు" అని వెనక్కి తగ్గినవాళ్లు చాలామంది నాకు తెలుసు. కిరాయిదారును ఖాళీ చేయించే దావాలో ఫీజు ఇంటి విలువ మీద లెక్క కట్టరు. దావాకు ముందటి ఏడాది కిరాయి మీద కడతారు. నెలకు ఇరవై వేల ఇల్లయితే రెండు లక్షల నలభై వేల మీద. బాకీలు, నష్టపరిహారం అడిగితే వాటికి విడిగా. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఎందరో ఫ్యూజు జోలికి వెళ్లేవాళ్లు కాదు.

కేసు నడిచే కాలమంతా కిరాయిదారు ఉచితంగా కూర్చుంటాడన్నదీ సగమే నిజం, అదీ ఓనరు అడగనప్పుడు మాత్రమే. కిరాయిదారీ ముగిశాక ఇంట్లో ఉన్న ప్రతి నెలకూ పాత కిరాయి కాకుండా బజారులో ఆ ఇంటికి పలికే ధర ప్రకారం పరిహారం దావాలోనే అడగాలి. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లో ఒక కట్టడానికి నెలకు 371 రూపాయల 90 పైసలు కట్టే సంస్థకు ఖాళీ ఉత్తర్వు వచ్చాక స్టే కావాలంటే నెలకు 15,000 జమ చేయమన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సమర్థించింది. 2004 డిసెంబరు నాటి ఆ తీర్పు తర్వాత స్టే తెచ్చుకుని తీరిగ్గా కూర్చోవడం ఖరీదైన పనైంది. కేసు నడుస్తుండగా నెలనెలా కిరాయి జమ చేయాలనీ, చేయకపోతే ప్రతివాది వాదననే కొట్టేయవచ్చనీ చెప్పే నిబంధనను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలోనే సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు ఇక్కడ చేర్చారు. ఇవేవీ అడక్కుండా ఊరికే కేసు వేసి, వాయిదాలకు వెళ్లి వచ్చి "కోర్టులింతే" అనుకునే ఓనర్లను చూస్తే బాధేస్తుంది. ఆయుధం పెట్టెలోనే ఉండిపోయింది.

పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటే గడువు రోజున కిరాయిదారు దొంగగా మారతాడనీ, పోలీసులు వచ్చి సామాను బయట పెడతారనీ ఇంకో నమ్మకం. పదకొండు నెలలు ఎందుకో చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవచ్చన్న లెక్కతోనే ఆ సంఖ్య. అందులో ఇంకే మహిమా లేదు. గడువు తీరితే లీజు ముగుస్తుంది, నిజమే. కానీ ఆ తర్వాత మనం ఏం చేశామన్నదాన్ని బట్టి కథ మారుతుంది. గడువు జూన్‌తో తీరింది, జూలై ఒకటిన కిరాయి ఫోన్‌పేలో పడింది, మనం కిమ్మనలేదు, ఆగస్టులోనూ అంతే. మనం సమ్మతించామని, నెలవారీ కిరాయిదారీ మళ్లీ మొదలైందని వాదించడానికి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ అతనికి వీలిస్తుంది. గడువు తర్వాత డబ్బు తీసుకున్నంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2005లో శాంతి ప్రసాద్ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మనకు అండే. అయితే ఆ అండ నిలవాలంటే మన అసమ్మతి కాగితం మీద కనపడాలి. గడువుకు ముందే "కొనసాగించే ఉద్దేశం లేదు" అని స్పీడ్ పోస్టులో రాయండి. తర్వాత డబ్బు పడితే, ఇది మా హక్కులకు భంగం లేకుండా ఇంట్లో ఉన్నందుకు పరిహారం కింద మాత్రమే తీసుకుంటున్నామని ఆ రోజే ఒక ముక్క రాసి పంపండి. ఇది చేయడానికి పది నిమిషాలు పడుతుంది.

బొంబాయి నమూనా దించుకుని "లీవ్ అండ్ లైసెన్స్" అని పైన రాసుకున్నవాళ్లూ ఉన్నారు. పేరు మారిస్తే హక్కు మారదని 1959లోనే తేలిపోయింది. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో క్షౌరశాల నడిపిన ఆర్.ఎన్. కపూర్ కాగితం మీద లైసెన్స్ అని ఉన్నా సుప్రీంకోర్టు దాన్ని లీజుగానే చూసింది.

ఇక పన్నెండేళ్ల భయం. ఒకే కిరాయిదారు పన్నెండేళ్లుంటే ఇల్లు అతనిదైపోతుందని నమ్మి, ఏ గొడవా లేని మంచి కుటుంబాలను కూడా రెండు మూడేళ్లకొకసారి ఖాళీ చేయించే ఓనర్లు ప్రతి కాలనీలో ఉన్నారు. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో, అడ్వర్స్ పొజెషన్‌లో పన్నెండేళ్లు గడిపినవాడు తానే వాదిగా దావా వేయవచ్చని తీర్పు వచ్చింది. దాన్ని "పన్నెండేళ్లుంటే కిరాయిదారే ఓనరు" అని ఫోన్ల నిండా తిప్పారు. ఆ కేసుకూ కిరాయిదారుకూ సంబంధం లేదు. అడ్వర్స్ పొజెషన్ అంటే అసలు యజమానికి వ్యతిరేకంగా, బాహాటంగా, ఇది నాదేనని కూర్చోవడం. కిరాయిదారు మన అనుమతితో లోపలికి వచ్చినవాడు. కిరాయిదారీ నడిచినంత కాలం, అది మొదలైన నాటికి ఓనరుకు హక్కు లేదని వాదించే వీలు సాక్ష్య చట్టమే అతనికి లేకుండా చేసింది. ముప్పై ఏళ్లుండి నెలనెలా కిరాయి కట్టినవాడు ముప్పై ఏళ్ల కిరాయిదారు, అంతే. నిజమైన ప్రమాదం వేరే చోట ఉంది. కిరాయిదారీ ముగిసిన రోజు నుంచి ఇల్లు తిరిగి తీసుకునే దావా వేయడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు పన్నెండేళ్లు. నోటీసు ఇచ్చి, ఆ తర్వాత కిరాయీ తీసుకోకుండా, కేసూ వేయకుండా ఏళ్లకు ఏళ్లు నిద్రపోయిన ఓనరు భయపడాలి. పదమూడో ఏట కూడా టంచనుగా కిరాయి కట్టే టీచరుగారిని చూసి భయపడక్కర్లేదు.

అమెరికాలో ఉన్న పిల్లల ఫ్లాట్లు చూసుకునే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఫ్లాట్ కొడుకు పేర, అగ్రిమెంటు కొడుకు పేర, నోటీసు మాత్రం తండ్రి సంతకంతో వెళితే కిరాయిదారు వకీలు మొదట పట్టుకునేది దాన్నే. పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. గొడవ మొదలయ్యాక కాదు, గడువుకు ముందే.

ఇప్పటిదాకా చెప్పినవి చట్టం సంగతులు. అసలు విషయం వీటన్నిటికన్నా ముందే మొదలవుతుంది. మా ఆఫీసుకు వచ్చే ఓనర్ల ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు వినపడేది ఇదే: "చివరి రెండు నెలలు కిరాయి ఇవ్వట్లేదండీ, అడ్వాన్సులో పట్టుకోమంటున్నాడు." ఆ మనిషిని మొండివాడంటారు, మోసగాడంటారు. అతను అలా ఎందుకు చేస్తున్నాడో అడగరు. అంతకు ముందు ఇంట్లో అతని అడ్వాన్సు తిరిగి రాలేదు కాబట్టి. పెయింట్ అని ఒక నెల కోసేశారు, గోడకు మేకులని ఇంకొంత, "కొత్తవాళ్లు చేరాక ఇస్తాలే" అని మిగతాది. మూడు నెలలు తిరిగి తిరిగి వదిలేసుకున్నాడు. ఈసారి మోసపోదలచుకోలేదు. మనం మొండితనమంటున్నది చాలా ఇళ్లలో అతని ఆత్మరక్షణ.

పెయింట్ డబ్బుల కోత ఈ నగరంలో చట్టమేమో అన్నంత మామూలైంది. చట్టం అలా లేదు. ఇంటిని తీసుకున్న స్థితిలో అప్పగించాల్సిన బాధ్యత కిరాయిదారుదే, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలను ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనే మినహాయించింది. మూడేళ్లు మనుషులు కాపురమున్న ఇంట్లో సున్నం మాయడం అరుగుదలే. పగిలిన వాష్‌బేసిన్, కాలిన కిచెన్ ప్లాట్‌ఫామ్ నష్టం. ఆ రెండింటికీ తేడా చూపకుండా ముందే ఒక నెల కోసేస్తామని అగ్రిమెంటులో రాసుకున్న ఓనరు, కిరాయిదారు చివరి నెల ఎగ్గొట్టడానికి కారణం తానే తయారు చేశాడు. అడ్వాన్సును తన డబ్బే అనుకుని ఖర్చు చేసేసి, వెళ్లే రోజున ఇవ్వలేక గొడవ పెట్టుకునే ఓనర్లు అంతకన్నా ఎక్కువ. ఆ డబ్బు బ్యాంకులో విడిగా ఉంచండి. చేరే రోజున గదిగదికీ ఫోటోలు, కరెంటు మీటరు రీడింగు, ఇద్దరి సంతకాలు. వెళ్లే రోజున అవే మళ్లీ. తాళాలు చేతిలో పడ్డ గంటలో లెక్క చూసి డబ్బు వేస్తానని గడువుకు ముందు రాసివ్వండి. సగం "మొండి కిరాయిదారులు" అక్కడే మాయమవుతారు, అనుభవం మీద చెబుతున్నాను.

నిజంగా మొండివాళ్లూ ఉంటారు. కుటుంబానికని తీసుకుని హాస్టల్ నడిపేవాళ్లు, మెయింటెనెన్స్ ఏడాదిగా కట్టనివాళ్లు, "ఐదు లక్షలిస్తే పోతా" అని బేరం పెట్టేవాళ్లు. వాళ్లతో గేటు దగ్గర అరుచుకోవద్దు. ఫోటోలు, అసోసియేషన్ లేఖలు, మెసేజ్‌లు భద్రపరచండి, నోటీసు ఇవ్వండి, దావా వేయండి. మాటకు లొంగే అవకాశం కాస్తయినా ఉంటే దావాకు ముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి లోక్ అదాలత్‌లో పెట్టించండి. పిల్లల పరీక్షలయ్యేదాకా రెండు నెలలు కావాలంటే ఇవ్వండి, బాకీలో కొంత వదులుకోండి, కానీ ఖాళీ చేసే తేదీ అవార్డులో రాయించండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్లవచ్చు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాయించుకున్న ఒప్పందానికి ఆ బలం లేదు.

గడువు దాటితే రెట్టింపు కిరాయి, ఆపైన నాలుగు రెట్లు అన్న వార్త చూసి ధీమాగా ఉన్నవాళ్లకు ఒక్క మాట. అది 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టంలోని నిబంధన. రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అమల్లోకి తెచ్చేదాకా దాని పేరు చెప్పి ఎవరినీ అడగలేరు. అగ్రిమెంటులో అలాంటి షరతు విడిగా రాసుకుంటే అది వేరే సంగతి.

ఓనర్లకు నా విన్నపం ఇంతే. ఈ వారం మీ అగ్రిమెంటు బీరువాలోంచి తీసి గడువు తేదీ చూడండి. మూడు నెలల లోపే ఉంటే కిరాయిదారును కూర్చోబెట్టి ఉంటారా, వెళతారా అని అడగండి. జవాబు ఏదైనా రాతలో తీసుకోండి. ఉంటానంటే కొత్త అగ్రిమెంటు రాసుకోండి, వెళతానంటే అడ్వాన్సు సిద్ధం చేసుకోండి, జవాబే ఇవ్వకపోతే మర్నాడే నోటీసు పంపండి. మీటరు బోర్డు మీద మాత్రం చేయి వేయకండి.